మా బావగారి 92 గజాలు

మా అక్కయ్య వాళ్ళింట్లో పూజగది ఎటుందో తెలియాలంటే ఎవరైనా చూపించాలి. టీవీ ఎక్కడుందో ఎవరూ చూపించక్కర్లేదు. వీధి తలుపు తీసేసరికి గోడంత టీవీ ఎదురుగా నిలబడి "దయచేయండి" అంటుంది. ఏడాదికోసారి, నవంబరు నెల నాలుగో గురువారం నాడు, పొద్దున్న పదకొండున్నరకి మొదలుపెట్టి రాత్రి పదిన్నరదాకా ఆ టీవీకి అఖండ ఆరాధన జరుగుతుంది. పూజారులు ముగ్గురు. మా బావగారు, వాళ్ళబ్బాయి, పక్కింటి పెద్దాయన. నైవేద్యం వండే బాధ్యత ఎవరిదో నేను వేరే చెప్పాలా?

నేను చెప్పబోయేది 2023 నవంబరు 23 నాటి ముచ్చట. డల్లాస్‌కి ఉత్తరాన ప్లేనో అనే ఊళ్ళో ఉంటుంది మా అక్కయ్య. సగంలో ఆగిపోయిన నవలనొకదాన్ని పెట్టెలో పెట్టుకుని, అక్కడి ప్రశాంత వాతావరణంలో పూర్తి చేద్దామని రెండు నెలలకి వెళ్ళాను. ఆ నవల ఏమైందని మాత్రం అడక్కండి.

థాంక్స్‌గివింగ్ పండగంటే పంటలు ఇంటికొచ్చాక చేసుకునేది, మన సంక్రాంతికి దూరపు చుట్టం. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని కనుక ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఈ పండగని దేశమంతా ఒకేరోజున జరుపుకునేట్టు చేసింది అబ్రహాం లింకన్ అని పుస్తకాల్లో ఉంటుంది. 1863లో ప్రకటన చేసింది ఆయనే. కాని ఏళ్ళ తరబడి గవర్నర్లకీ అధ్యక్షులకీ ఉత్తరాలు రాసి రాసి, చివరికి లింకన్‌కీ రాసి, సాధించినావిడ సారా జోసెఫా హేల్. ఆవిడ నవలా రచయిత్రి. స్త్రీల పత్రికకి సంపాదకురాలు. భర్త పోయాక అయిదుగురు పిల్లల్ని కలం మీదే పెంచుకొచ్చింది. మన పిల్లలు కాన్వెంటులో మొదట నేర్చుకునే మేరీ గొర్రెపిల్ల పాట కూడా ఆవిడదే. పండగ తెచ్చిందేమో ఆడది, పండగనాడు సోఫాల్లో కాళ్ళు బారజాపుకుని కూర్చునేదేమో మగవాళ్ళు. ఇందులో మనకి ఆశ్చర్యమేమీ లేదనుకోండి.

ఆరోజుకీ ఫుట్‌బాలుకీ ముడి కూడా పాతదే. 1934లో డెట్రాయిట్‌లో ఒక రేడియో స్టేషను యజమాని కొత్తగా ఒక జట్టుని కొన్నాడు. పేరు లయన్స్. ఆట చూడ్డానికి జనం రావటం లేదు. అందరికీ సెలవు, బయట చలి, చేసే పనేమీ లేదు కదా అని పండగరోజు పందెం పెట్టి, దాన్ని రేడియోలో దేశమంతా వినిపించాడు. స్టేడియం కిటకిటలాడిందిట. ఆట మాత్రం ఓడిపోయారు. నడుమ 1939 నుంచి 1944 దాకా తప్పిస్తే, ఆ జట్టు ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ ఆడుతూనే ఉంది. డల్లాస్ కౌబాయ్స్ 1966లో చేరారు. రాత్రిపూట మూడో ఆట 2006 నుంచి. అంటే ఆడవాళ్ళకి పొయ్యి దగ్గర్నుంచి లేచే సందు పూర్తిగా మూసుకుపోయింది 2006లో.

ఈ ఫుట్‌బాలు మన ఫుట్‌బాలు కాదు. కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరేది ఎక్కువ. బంతి గుండ్రంగా ఉండదు, పీచు వొలిచిన కొబ్బరికాయలా రెండువైపులా మొనదేలి ఉంటుంది. మా అక్కయ్య కొడుకు నాకు వివరించిన ప్రకారం, నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి వెళ్ళాలి. వెళ్తే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. వెళ్ళకపోతే బంతి అవతలివాళ్ళ పాలు. ఆట గంటసేపే, కాని ఆ గంట గడవటానికి మూడు గంటలు పైన పడుతుంది. ఒక గుంపు పరిగెత్తటం, పడటం, గడియారం ఆపటం, అందరూ లేచి ఆలోచించుకోవటం. మా మేనత్త పెళ్ళిలో లగ్గం వేళ బంధువులు అలిగినప్పుడు కూడా ఇన్నిసార్లు ఆగలేదు.

ఈ గందరగోళం అంతటికీ మధ్య ఒకడు నిలబడి ఉంటాడు. వాడు క్వార్టర్‌బ్యాకు. బంతి ముందు వాడి చేతికే వస్తుంది. వచ్చిన మరుక్షణం ఒక్కొక్కడూ గాదెబస్తాల్లాంటి నలుగురైదుగురు వాణ్ణి నేలకేసి కొట్టటానికి మీదికి ఉరుకుతారు. మూడు సెకన్లలో వాడు నాలుగు దిక్కులా చూసి, పరిగెత్తుతున్న తనవాళ్ళలో ఎవడు ఎక్కడికి చేరబోతున్నాడో లెక్క కట్టి, ఇంకా అక్కడికి ఎవడూ రాకముందే ఆ ఖాళీ చోటులోకి బంతి విసరాలి. 1994 నుంచి వాడి హెల్మెట్‌లో చిన్న రేడియో కూడా పెట్టారు. బయటినుంచి కోచ్ చెవిలో చెబుతూ ఉంటాడు. ఆట మొదలయ్యే ముందు ఆ రేడియో ఆగిపోతుంది, ఆ తరవాత వాడి బుర్రే వాడికి దిక్కు.

"అంతసేపూ అత్తగారు చెవిలో చెప్పి, సరిగ్గా పోపు మాడే సమయానికి పక్కకి తప్పుకున్నట్టు" అన్నాను.

"పిన్నీ, నీకు అర్థమైపోయింది!" అన్నాడు మావాడు సంతోషంగా. వాడికి అత్తగారింకా లేదు.

ఆ పొద్దున్న మొదటి ఆటలో లయన్స్ గ్రీన్‌బే చేతిలో ఓడారు, 29-22. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అది పులిహోర ముందు వడ్డించే పప్పులాంటిది. నేనూ అక్కయ్యా వంటింట్లో ఉన్నాం. పొయ్యిలో పధ్నాలుగు పౌన్ల టర్కీ కోడి. దానికి అల్లం వెల్లుల్లి ముద్దా గరం మసాలా పట్టించి రాత్రే ఊరబెట్టింది అక్కయ్య. అక్కడ ఆ రోజుల్లో క్రాన్‌బెర్రీలని ఎర్రటి పళ్ళు దొరుకుతాయి. అచ్చం మన వాక్కాయల పులుపు. అమెరికావాళ్ళు వాటిని చక్కెరపోసి ఉడికించి కోడితో నంజుకుంటారు. మా అక్కయ్య కందిపప్పులో వేసి, ఇంగువ పోపు పెడుతుంది. పక్కింటి పెద్దాయన ఏటా ఆ పప్పుని గిన్నెలో పోయించుకుని సూప్‌లా తాగుతాడు.

ఈ పెద్దాయన గురించి చెప్పాలి. డెబ్భై అయిదు దాటినాయన, టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినాయన. భార్య పోయి ఆరేళ్ళయింది. పండగనాడు పెకాన్ పప్పులు పేర్చిన పై ఒకటి కొనుక్కుని, నీలం రంగు కౌబాయ్స్ చొక్కా వేసుకుని సరిగ్గా పదకొండుంపావుకి తలుపు తడతాడు. మా బావగారు 1997లో కాలిఫోర్నియా నుంచి ఇక్కడికొచ్చి ఇల్లు కొన్నప్పుడు, సామాన్ల లారీలోంచి దిగిన ఎర్రటి శాన్‌ఫ్రాన్సిస్కో జెండా చూసి ఈయన వారం రోజులు పలకరించలేదుట. కారణముంది. 1982 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోతో పోటీలో గెలుపు డల్లాస్ చేతిలోనే ఉంది. ఆట ముగియటానికి 51 సెకన్లుందనగా జో మాంటానా అనే కుర్రవాడు వెనక్కి పరిగెత్తుతూ, పడబోతూ విసిరిన బంతిని డ్వైట్ క్లార్క్ గాల్లోకి ఎగిరి వేళ్ళ కొసలతో అందుకున్నాడు. 28-27. నలభై ఏళ్ళయినా ఆ పెద్దాయనకి మాంటానా పేరు వింటే పంటి కింద రాయి పడ్డట్టే ఉంటుంది.

మా బావగారికి మాంటానా అంటే ఇలవేల్పు.

వాళ్ళబ్బాయికి టామ్ బ్రాడీ. బోస్టన్‌లో చదువుకున్నాడు, అక్కడే ఉద్యోగం. బ్రాడీ ఆడింది ఆ ఊరి జట్టుకే మరి.

పెద్దాయనకి రోజర్ స్టాబాక్.

ఇంక చూసుకోండి. మీలో ఎవరి ఇంట్లోనైనా సావిత్రి గొప్పా భానుమతి గొప్పా అని వాదన జరిగి ఉంటే మీకు బోధపడుతుంది. మా అమ్మా మా పెద్దమ్మా ఆవకాయ ముక్కలు తుడుస్తూ మొదలుపెట్టి, జాడీకి గుడ్డ కట్టేదాకా ఆ వాదన సాగించేవారు. మధ్యలో జమున పేరెత్తినందుకు మా పిన్నిని ఇద్దరూ కలిసి కసిరారు. గొప్పతనం తేలటం ఎవరికీ ముఖ్యం కాదు. తేలిపోతే వచ్చే వేసవికి ఆవకాయ పెట్టేటప్పుడు ఏం మాట్లాడుకుంటారు?

"ఏడు సూపర్‌బౌల్స్ గెలిచాడు బ్రాడీ. ఏడు! మీవాడు నాలుగు" అంటాడు కొడుకు.

"పదిసార్లు ఫైనల్‌కి వెళ్ళి మూడు ఓడాడు. మావాడు నాలుగుసార్లు వెళ్ళి నాలుగూ గెలిచాడు. ఆ నాలుగింట్లో ఒక్క బంతి అవతలివాడి చేతిలో పెట్టలేదు" అంటారు తండ్రి.

"మావాణ్ణి 2000లో 199వవాడిగా తీసుకున్నారు. వాడికంటే ముందు ఆరుగురు క్వార్టర్‌బ్యాకుల్ని ఏరుకున్నారు. ఎవరికీ అక్కర్లేనివాడు నలభై అయిదేళ్ళదాకా ఆడాడు."

"మావాడికి 1986లో వెన్నెముకకి ఆపరేషన్ అయింది. ఇంక ఆడొద్దన్నారు. రెండు నెలలు తిరక్కుండా మైదానంలోకి వచ్చాడు. ఆ రోజుల్లో క్వార్టర్‌బ్యాకుని ఎలా కొట్టినా అడిగేవాడు లేడు. ఇప్పుడో, ముట్టుకుంటే శిక్ష. మీవాడు పట్టుపరుపుల మీద ఆడాడురా."

అప్పుడు పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. "స్టాబాక్ నేవీలో నాలుగేళ్ళు పనిచేశాడు. వియత్నాం వెళ్ళొచ్చి, ఇరవై ఏడో ఏట మా జట్టులో చేరాడు. ఆ నాలుగేళ్ళు మీవాళ్ళ కెరీర్లలోంచి తీసేసి అప్పుడు లెక్కపెట్టండి."

ఈ మాటకి కాసేపు ఎవరూ మాట్లాడరు. న్యాయంగా ఉంది కదా. 1975 డిసెంబరులో మిన్నెసోటా మీద ఓడిపోయే ఆటలో ఆఖరి క్షణాల్లో కళ్ళు మూసుకుని మేరీమాతని తలుచుకుని విసిరేశానని చెప్పుకున్నాడు స్టాబాక్. దాన్ని పట్టుకుని గెలిచారు. దిక్కుతోచక విసిరే బంతికి 'హెయిల్ మేరీ' అన్న పేరు జనం నోళ్ళలో పడింది అప్పటినుంచే. మనం గజేంద్రమోక్షం అంటాం చూడండి, అలాంటి మాట.

పెద్దాయన దగ్గర ఇంకో కథ కూడా ఉంది. 1974 థాంక్స్‌గివింగ్ నాడు వాషింగ్టన్‌తో ఆట. స్టాబాక్‌కి తలకి దెబ్బ తగిలి బయటికి వెళ్ళిపోయాడు. క్లింట్ లాంగ్లీ అని అంతవరకూ లీగ్‌లో ఒక్క ఆట ఆడి ఎరగని కుర్రాణ్ణి లోపలికి తోశారు. ఈయనా ఈయన తండ్రీ స్టేడియంలో ఉన్నారు. "ఇంకేముంది, అయిపోయింది, ట్రాఫిక్కు మొదలవకముందే బయటపడదాం" అని తండ్రి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడుట. ఆ కుర్రాడు 28 సెకన్లుందనగా యాభై గజాల బంతి విసిరి ఆట గెలిపించిన సంగతి వీళ్ళు కార్లో రేడియోలో విన్నారు. 24-23. "మా నాన్న బతికి ఉన్నన్నాళ్ళూ ఆ మాట ఎత్తి ఏడిపించాను. ఇప్పుడు ఏడిపించటానికి ఆయన లేడు" అంటాడు పెద్దాయన, పప్పు తాగుతూ. ఆ లాంగ్లీ మాత్రం రెండేళ్ళ తరవాత స్టాబాక్ మీదే చెయ్యి చేసుకుని ఆ ఊరు వదిలిపోవాల్సి వచ్చింది. ఒక్క మధ్యాహ్నానికి మహారాజు!

తలకి దెబ్బ అన్నాను కదా. మా అక్కయ్య ఈ ఆటని ఇంట్లోకి రానిచ్చింది గాని కొడుకుని ఆటలోకి పోనివ్వలేదు. హైస్కూల్లో వాడు ఆడతానంటే మూడు రోజులు మాట్లాడలేదు. ఆమెది ఉత్త భయం కాదని తరవాత తేలింది. తలల మీద పడ్డ దెబ్బలకి జ్ఞాపకశక్తి పోయిందనీ, మనుషులు మనుషులుగా మిగల్లేదనీ వేలమంది పాత ఆటగాళ్ళు కోర్టుకెక్కారు. కెన్ స్టేబ్లర్ అని 1970లలో గొప్ప పేరున్న క్వార్టర్‌బ్యాకు 2015లో పోయాక ఆయన మెదడుని పరీక్ష చేస్తే అలాంటి జబ్బే బయటపడింది. "పదిమంది చప్పట్లు కొట్టడానికి కన్నకొడుకు తల పగలగొట్టుకోవాలా?" అంటుంది అక్కయ్య. ఆ ఇంట్లో ఆ వాదన మాత్రం ఎప్పుడూ రెండోవైపు లేనిదే.

మూడున్నరకి కౌబాయ్స్ ఆట. ఆ రోజు వాళ్ళు వాషింగ్టన్‌ని 45-10తో చితక్కొట్టారు. డారన్ బ్లాండ్ అనే కుర్రాడు అవతలివాళ్ళ బంతిని మధ్యలో కాజేసి అటునుంచటే పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఏడాది అలా చేయటం అయిదోసారి, అంతకుముందు ఎవరూ అన్నిసార్లు చేయలేదుట. ఆటగాళ్ళు గట్టున నిలబడి, ముందే దాచిపెట్టుకున్న టర్కీ కాళ్ళు తీసి కొరుక్కుతిన్నారు. ఆటల మర్యాదలేమిటో గాని, అది చూసి నాకు వాళ్ళ మీద మొదటిసారి ఇష్టం కలిగింది.

విరామంలో డాలీ పార్టన్ పాడింది. అప్పటికి ఆవిడకి డెబ్భై ఏడేళ్ళు. కౌబాయ్స్ ఆటపిల్లలు వేసుకునే దుస్తులు, తెల్లలాగు, నక్షత్రాల చొక్కా, అచ్చం అవే వేసుకుని లక్షణంగా వచ్చి నిలబడి పాడింది. అక్కయ్యా నేనూ చేతుల్లో పళ్ళేలతో టీవీ ముందు కొయ్యబారిపోయాం.

"మన ఊళ్ళో అయితే ఆ వయసుకి జరీ చీర కట్టుకున్నా ఏమేవ్ అంటారు" అంది అక్కయ్య. ఒక్కక్షణం ఆగి, "కాళ్ళు నొప్పులేమో పాపం" అంది. అదీ మా అక్కయ్య.

రాత్రి మూడో ఆట శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్ళది, సియాటిల్‌లో. అంటే మా బావగారి పండగ అప్పుడు మొదలు. ఎర్ర స్వెట్టరు వేసుకొచ్చి కూర్చున్నారు. ఇంక 92 గజాల కథ తప్పదని అందరం సిద్ధపడ్డాం.

ఈ కథ నేను కనీసం పదిహేనుసార్లు విని ఉంటాను. ఆయన ఇండియా వచ్చినప్పుడల్లా చెబుతారు. ఫుట్‌బాలంటే ఏమిటో తెలియని మా నాన్నగారికి కూడా చెప్పారు, అరుగు మీద విసనకర్రనీ తమలపాకుల తట్టనీ మైదానంగా అమర్చి. ఆ కథకి వెనక ఒక కథ ఉంది. దాన్ని ఆయన చెప్పరు, అక్కయ్య నాకెప్పుడో చెప్పింది. 1988లో హైదరాబాదులో ఉద్యోగం వదులుకుని, ఇరవై ఏడో ఏట కాలిఫోర్నియాకి చదువుకి వెళ్ళారు బావగారు. ఆ డిసెంబరులో తెనాలిలో వాళ్ళమ్మగారు పోయారు. ఉత్తరం చేరేసరికే పన్నెండో రోజు దాటిపోయింది. వెళ్దామన్నా టిక్కెట్టుకి డబ్బు లేదు. నెలరోజులపాటు గదిలోంచి కదలకుండా గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని, జనవరి 22 ఆదివారం నాడు గదిలోని మిత్రులు బలవంతాన లాక్కొచ్చి, ఇరవై డాలర్లకి కొన్న పాత టీవీ ముందు కూలేశారు. బావగారు జీవితంలో చూసిన మొదటి ఫుట్‌బాలు ఆట అదే.

సిన్సినాటితో ఫైనలు. మూడు నిమిషాల చిల్లర ఉంది. 16-13తో శాన్‌ఫ్రాన్సిస్కో వెనకబడి ఉంది. బంతి తమ గీతకి ఎనిమిది గజాల దూరంలో. అంటే 92 గజాలు పోవాలి. ఆటగాళ్ళందరి మొహాల్లో నెత్తురు చుక్క లేదు. అప్పుడు మాంటానా జనంలోకి చూసి, "అదుగో, జాన్ కాండీ కూర్చున్నాడు చూడండి" అన్నాడుట. జాన్ కాండీ అంటే హాస్యనటుడు. మా నాన్నగారికి చెప్పినప్పుడు బావగారు దీన్ని "అదుగో, అల్లు రామలింగయ్య కూర్చున్నాడు చూడండి" అని మార్చారు. మా నాన్నగారు పడిపడి నవ్వారు. ఆ మాటతో ఆటగాళ్ళ బిగువు సడలింది. ఒక్కో అడుగే, పది గజాలు, పదిహేడు గజాలు... అలా వచ్చి వచ్చి, 34 సెకన్లుందనగా ఆఖరి బంతి.

ఇక్కడ బావగారు ఆగుతారు. ప్రతిసారీ ఆగుతారు. ఎదుటివాళ్ళ మొహంలోకి చూసి, "ఎవరు పట్టుకున్నారో చెప్పండి" అంటారు. కాస్త తెలిసినవాళ్ళెవరైనా "జెర్రీ రైస్" అంటారు. ఆ జట్టులో అందరికంటే పెద్ద పేరు అతనిది, ఆ రోజు మొదట్నుంచీ బంతులన్నీ పట్టుకున్నవాడూ అతనే. అప్పుడు బావగారు తొడ చరిచి, "కాదు! అందరూ రైస్ అనుకుంటారు. సిన్సినాటి వాళ్ళూ అలాగే అనుకున్నారు. అందరి కళ్ళూ రైస్ మీదే ఉన్నాయి. పట్టుకున్నది జాన్ టేలర్!" అంటారు. కథకి ప్రాణం అక్కడుంది. మా నాన్నగారు సైతం మూడోసారి చెప్పేసరికి కావాలని "రైస్ కదుటయ్యా" అనటం నేర్చుకున్నారు.

ఆ రాత్రి పెద్దాయన "మొదలుపెట్టు, వినకపోతే నిద్ర పట్టదు" అన్నాడు విసుక్కుంటున్నట్టు. బావగారు మొదలుపెట్టారు. మూడు నిమిషాలు, ఎనిమిది గజాలు, జాన్ కాండీ, అన్నీ వచ్చాయి. 34 సెకన్లు వచ్చింది. అక్కడ ఆగారు. ఎవరు పట్టుకున్నారని అడుగుతారని పెద్దాయన నోరు తెరవబోయాడు.

"రైస్ పట్టుకున్నాడు" అన్నారు బావగారు. "జెర్రీ రైస్. అంతే, అయిపోయింది. 20-16."

టీవీలో ఎవరో పరిగెత్తుతున్నారు. పెద్దాయన తెరిచిన నోరు మూసి పళ్ళెంలోకి చూసుకున్నాడు. నేను మావాడి వైపు చూశాను. తండ్రి నోట ఒక అంకె తప్పుగా వస్తే పైకెగిరి దిద్దే పిల్లాడు వాడు. సీసాలో నీళ్ళు తాగి, మూత బిగించి, మళ్ళీ తీసి, మళ్ళీ బిగించాడు.

అక్కయ్య వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతోంది.

"విన్నావా?" అంది.

"ఎన్నాళ్ళనుంచీ?"

"సెప్టెంబరులో రిటైరైపోయిన ఆఫీసుకి కారేసుకుని వెళ్ళి, గేటు దగ్గర్నుంచి తిరిగొచ్చారు. నాకు చెప్పింది ఆయనే, నవ్వుతూ. డాక్టరుకి చూపించాం. ఇంకా మొదలే అన్నారు, మందు రాశారు. వాడికి చెప్పలేదు. పండగ వెళ్ళాక చెబుదామని." కుళాయి కట్టేసింది. "నీక్కూడా చెప్పకూడదనే అనుకున్నానే. నువ్వు అన్నీ కథల్లో రాసేస్తావు."

నిజమే, రాస్తున్నాను. ఆవిడే తరవాత ఫోన్లో రాసుకోమంది. పేర్లు మాత్రం పెట్టొద్దంది.

మేం తిరిగొచ్చేసరికి ముందు గదిలో పాత తగువే నడుస్తోంది, కాని ఏదో తేడా కొట్టింది. "సరేలే నాన్నా, నువ్వన్నదే రైటు. ఎలా చూసినా మాంటానాయే గొప్ప" అంటున్నాడు మావాడు, మెత్తగా.

బావగారు సోఫాలో నిటారుగా అయ్యారు. కొడుకుని ఒక నిమిషం తేరిపార చూశారు. ఆయన మతిమరుపు మనిషే కావచ్చుగాని తెలివితక్కువ మనిషి కాదు.

"ఏం, ఏడు గెలిచిన బ్రాడీ ఏమయ్యాడురా?" అన్నారు.

"నాలుగుకి నాలుగూ గెలవటం గొప్ప కదా."

"గొప్పే. అయితే 2017 ఫైనలు సంగతేమిటి? 28-3తో వెనకబడి ఉన్నాడు. నువ్వు నాకు ఫోన్ చేసి ఏడిచావు. పడుకోరా, అయిపోయింది అన్నాను నేను. ఏమైంది? 34-28తో గెలిచాడు. అది చేయగలిగిందెవరు?"

"మాంటానా కూడా..."

"మాంటానా చేయలేదు! ఫైనల్లో ఇరవై అయిదు పాయింట్లు వెనకబడి ఎవడూ గెలవలేదు, బ్రాడీ తప్ప!" బల్ల మీద చరిచారు. "వాదించాలంటే సరిగ్గా వాదించు. లేకపోతే మానెయ్. నాకు పెట్టొద్దు నువ్వు, ముష్టి."

గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. అప్పుడు మావాడి గొంతు ఒక్కసారిగా లేచింది. "ఆ బ్రాడీ నాలుగేళ్ళప్పుడు ఎక్కడున్నాడో తెలుసా? డ్వైట్ క్లార్క్ బంతి పట్టుకున్నరోజు శాన్‌ఫ్రాన్సిస్కో స్టేడియంలో, వాళ్ళమ్మానాన్నలతో! మాంటానాని చూసే వాడు క్వార్టర్‌బ్యాకయ్యాడు. మాంటానా లేకపోతే నీ బ్రాడీ ఎక్కడ?"

"నా బ్రాడీయా?" అన్నారు బావగారు.

అలా ఆ రాత్రి తండ్రి బ్రాడీ తరఫునా, కొడుకు మాంటానా తరఫునా పదిన్నరదాకా అరుచుకున్నారు. పెద్దాయన మధ్యలో 1982 గుర్తుచేసినందుకు ఇద్దరిమీదా మండిపడ్డాడు. 2022లో అందరికంటే ఆఖరున, 262వవాడిగా తీసుకున్న బ్రాక్ పర్డీ అనే కుర్రాడు సియాటిల్‌లో ఆడుతున్నాడు గాని వాణ్ణి ఎవరూ చూడలేదు. 31-13తో గెలిచారుట. పొద్దున్న పేపర్లో చూసి చెప్పాను నేనే.

మర్నాడు పొద్దున్న అక్కయ్య కొడుకుని పెరట్లోకి పిలిచి ఏదో చెప్పింది. అద్దాల తలుపులోంచి కనిపించారు. వాడు తలవంచుకుని వింటూ కాలితో ఆకులు పక్కకి తోస్తున్నాడు. చాలాసేపు తోశాడు. లోపలికొచ్చి నాతో ఏమీ అనలేదు. కాఫీ కలుపుకుని, ముందు గదిలోకి వెళ్ళి, టీవీలో ఏదో వెతికి పెట్టి, "నాన్నా, ఒకసారి రా" అని కేకేశాడు.

1989 నాటి ఆట. రంగులు కాస్త వెలిసినట్టున్నాయి. బావగారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నిలబడే చూశారు. నేను సోఫా చివర కూర్చున్నాను. ఎనిమిది గజాల గీత. పదిహేడు గజాలు. పది గజాలు. ఒక్కో అడుగే. 39 సెకన్లు. మాంటానా వెనక్కి రెండడుగులు వేసి, చెయ్యెత్తి, విసిరాడు. ఆ మూల ఎర్ర చొక్కావాడొకడు రెండు చేతులా అందుకుని, బంతిని పైకెత్తి ఎగిరాడు. వీపు మీద 82.

బావగారు తువ్వాలు భుజాన వేసుకుని నావైపు తిరిగారు. కళ్ళు మెరుస్తున్నాయి.

"చూశావా అమ్మాయ్? టేలర్! అందరూ రైస్ అనుకుంటారు."

"నేనూ రైసే అనుకున్నాను బావగారూ" అన్నాను.